మేకులు ముంచే ముందు బొమ్మ గీయి

అమ్మలూ,

సముద్రపు నీటిలో ఇనుము తొందరగా తుప్పు పడుతుందా అన్న ప్రశ్నని సైన్స్ ఫెయిర్‌కి తీసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. బీచ్ రోడ్డు ఇళ్ల కిటికీ ఊచలు చూస్తూ పెరిగావు, చాలా మంచి ప్రశ్న పట్టావు. గ్లాసులు, మేకులు అప్పుడే సర్దేశావట. వాటిని పక్కన పెట్టి ముందు ఒక తెల్ల కాగితం తీసుకో.

మధ్యలో అడ్డంగా గీత గీసి, కుడి చివర 'తుప్పు' అని రాయి. ఆ గీత మీదికి చేప ముళ్లలా ఏటవాలుగా గీతలు దించు. తుప్పుని మార్చగలిగేది ఏదైనా ఒక ముల్లే: నీరు, గాలి, మేకు, గ్లాసు పెట్టిన చోటు, చూసే మనిషి. స్టీల్ ప్లాంట్ ల్యాబ్‌లో మేం దీన్ని ఫిష్‌బోన్ అనేవాళ్లం. జపాన్‌కి చెందిన కవోరు ఇషికావా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. ఇప్పుడు నువ్వు కావాలని మార్చే ఒక్క సంగతికి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టు. మిగతా ప్రతి ముల్లు పక్కన, అది మారకుండా ఎలా చూస్తావో రాయి. ఏం రాయాలో తోచని ముల్లు దగ్గరే ప్రయోగం చెడిపోతుంది.

'మేకు' దగ్గర కాసేపు ఆగు. కొత్త మేకుల మీద పల్చగా నూనె ఉంటుంది. కొన్నిటికి జింకు పూత ఉంటుంది, అవి అంత త్వరగా తుప్పు పట్టవు. పూత లేనివి, ఒకే పొట్లంలోవి తీసుకో. సబ్బుతో కడిగి, సాండ్ పేపర్‌తో రుద్ది, వెంటనే తుడిచి ఆరబెట్టు. మేకు పూర్తిగా మునగాలా, సగమే మునగాలా అన్నదీ బొమ్మలోనే తేల్చుకో.

ఇక నీరు. తుప్పుకి నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. తుప్పు పట్టేటప్పుడు మేకుకీ నీటికీ మధ్య సన్నగా కరెంటు పారుతుంది. ఉప్పు కలిస్తే నీటిలో ఆ కరెంటు బాగా పారుతుంది, అందుకే తుప్పు వేగంగా పడుతుంది. కానీ ఆర్కే బీచ్‌లో పట్టిన నీటిలో ఉప్పు ఒక్కటే ఉండదు. పైగా వానల తర్వాత నదుల నీరు చేరి మన తీరంలో ఉప్పు తగ్గుతుంది. అందుకని కుళాయి నీరు ఒకటి, అదే నీటిలో లీటరుకి 35 గ్రాముల ఉప్పు కలిపింది ఒకటి పెట్టు. సముద్రాల్లో సాధారణంగా ఉండేది సుమారు అంతే. ఆ రెంటికీ తేడా ఉప్పు మాత్రమే. బీచ్ నీటిని వడగట్టి మూడోదిగా పెట్టుకో.

ఒక్కో నీటికి మూడేసి గ్లాసులు ఉండాలి. ఏ గ్లాసు ఎక్కడ పెట్టాలో చీటీలు తీసి నిర్ణయించు, లేకపోతే కిటికీ పక్కవన్నీ ఒకే రకం అయిపోతాయి.

'చూసే మనిషి'ని చాలామంది మర్చిపోతారు. తుప్పుకి నువ్వే మార్కులు వేస్తే ఉప్పునీటికి తెలియకుండానే ఎక్కువ పడతాయి. గ్లాసుల మీద అంకెలు మాత్రమే అంటించి, ఏది ఏ నీరో చెప్పకుండా మీ తమ్ముడితో వేయించు.

బొమ్మ అయ్యాక ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. ఎర్ర సున్నా రెండు చోట్ల కనిపిస్తే ఆ రాత్రే ఫోన్ చేస్తాను.

మీ మావయ్య,
గాజువాక