వాచీలో 174... అది గుండె లెక్కేనా?

ప్రశ్న: నా వయసు 46. మూడు నెలలుగా ఉదయం బీచ్ రోడ్డులో పరుగెత్తుతున్నాను. బీపీకి రెండేళ్లుగా మెటోప్రొలాల్ మాత్ర వేసుకుంటున్నాను. పరుగులో నా వాచీ గుండె వేగం 174 చూపిస్తోంది. 220 లోంచి వయసు తీసేస్తే వచ్చేదే గరిష్ఠమంటారు, నాకు అదీ 174. కానీ ఆయాసం లేదు, మాట్లాడుతూనే పరుగెత్తగలను. నాన్నగారికి 52 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. సరైన లెక్క చూపే వాచీ ఏది?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సలహా: మీరు వేసుకునే మాత్ర గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అది వాడుతూ, హాయిగా మాట్లాడుతూ పరుగెత్తే మనిషి గుండె నిమిషానికి 174 సార్లు కొట్టుకోవడం అరుదు. పరుగులో నిమిషానికి 160 నుంచి 180 అడుగులు పడటం మాత్రం మామూలే. వాచీ వెనుక ఉండే ఆకుపచ్చ వెలుగు చర్మం కింది రక్తం పొంగి తగ్గే తీరును పసిగడుతుంది. వాచీ వదులుగా ఉంటే అడుగడుగుకూ కదిలే ఆ కుదుపునే నాడి అనుకుంటుంది. మీ వాచీ లెక్కపెడుతున్నది మీ అడుగులనేనని నా అనుమానం.

రేపే తేల్చుకోవచ్చు. అంకె 170 దాటగానే ఆగి, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి, 15 సెకన్లు నాడి లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. ఆగిన కొద్దిసేపటికే వేగం పడిపోతుంది, ఆలస్యం చేయవద్దు. 130 దగ్గర వస్తే పొరపాటు వాచీదే. నిజంగానే 170 వచ్చినా, నాడి లయ తప్పినట్లు అనిపించినా పరుగు ఆపి వెంటనే డాక్టరును కలవండి.

ఇక కొనడం గురించి. పరుగుకు ఛాతీ పట్టీ మేలు. అది ఈసీజీలాగా గుండె విద్యుత్ సంకేతాన్నే అందుకుంటుంది కనుక చేతి ఊపుతో దానికి పని లేదు. కట్టుకునే ముందు లోపలి వైపు నీటితో తడపాలి. మీ పాత వాచీగానీ ఫోనుగానీ బ్లూటూత్‌తో దాన్ని అందుకుంటే కొత్త వాచీ అక్కర్లేదు. అప్పటిదాకా ఉన్న వాచీనే మణికట్టు ఎముకకు రెండు వేళ్ల పైన, జారకుండా బిగించండి. ఈసీజీ తీసే వాచీలు కొన్ని లయ దోషాలను పట్టగలవు. రక్తనాళాల్లో పూడికలను, గుండెపోటును పట్టలేవు.

220 సూత్రం సగటు లెక్క. మనిషికీ మనిషికీ పది, పన్నెండు తేడా ఉండటం సహజం, మీ మాత్ర వాడేవారికి అసలే వర్తించదు. వాచీ చూపే 'జోన్లు' (గుండె వేగాన్ని బట్టి శ్రమను విడదీసే మెట్లు) చాలావరకు ఆ సూత్రం మీదే నడుస్తాయి. మీ నాన్నగారి చరిత్ర దృష్ట్యా గుండె వైద్యుడిని కలిసి టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష), కొలెస్ట్రాల్, షుగర్ పరీక్షల గురించి అడగండి. మాత్ర వేసుకుని టీఎంటీ చేస్తే మీ అసలు గరిష్ఠ వేగం తెలుస్తుంది. వాచీలో ఆ అంకె పెట్టుకోండి. అప్పటివరకు వేగం పెంచకండి, పూర్తి వాక్యం పలకగలిగినంత నిదానమే మీ హద్దు.

ఛాతీలో బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం, వీటిలో ఏది వచ్చినా వాచీ ఏం చూపినా సరే ఆగిపోయి 108కి ఫోన్ చేయండి. పరుగు కోసమని మెటోప్రొలాల్ మీరుగా మానకండి. హఠాత్తుగా ఆపితే బీపీ, గుండె వేగం ఒక్కసారిగా పెరిగే ప్రమాదం ఉంది.