కూల్చేసిన మిల్లును నమూనాగా కట్టడం

ప్రశ్న: 1950 ప్రాంతపు అమెరికా రైలు మార్గం ఒకదాన్ని హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలులో 87వ వంతు కొలతతో, నమూనాగా తయారు చేస్తున్నాను. ఆ మార్గం పక్కన అప్పట్లో ఉన్న పిండి మిల్లును కూడా కట్టాలని కోరిక. మిల్లు ఎప్పుడో నేలమట్టమైంది. వీధి వైపు నుంచి తీసిన ఫోటో ఒక్కటే దొరికింది. కొలతలు, పట్టాల వైపు రూపం ఎలా తెలుసుకోవాలి?
- ఒక పాఠకుడు

జవాబు: ఇంకో ఫోటో కోసం వెతికే ముందు ఆ మిల్లు నేలపటం సంపాదించండి. అగ్ని బీమా సంస్థల కోసం శాన్‌బోర్న్ కంపెనీ 1867 నుంచి అమెరికా పట్టణాలకు గీసిన పటాలు చాలావరకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. నిప్పంటుకుంటే ఎంత నష్టమో అంచనా వేయడం బీమావారి అవసరం కాబట్టి, ఇటుక కట్టడానికి గులాబి రంగు, చెక్క కట్టడానికి పసుపు రంగు వేసి, అంతస్తుల సంఖ్యనూ బాయిలర్ గదినీ కూడా గుర్తించారు. సాధారణంగా వీటిలో ఒక అంగుళం 50 అడుగులకు సమానం. హెచ్‌ఓలో అడుగుకు 3.5 మిల్లీమీటర్లు గనుక పటంలోని అంగుళం మీ బల్ల మీద 175 మిల్లీమీటర్లవుతుంది. అయితే పటం మీది సంవత్సరాన్ని గుడ్డిగా నమ్మకండి. మార్పు జరిగిన చోట దిద్దుబాటు చీటీలు అతికించే అలవాటు ఉండేది కనుక, 1915 నాటి పటంలో 1940లలో కట్టిన గోదాము కనిపించినా ఆశ్చర్యం లేదు.

ఎత్తు తెలుసుకోవడానికి మీ ఫోటోలోని ఇటుక వరుసలను లెక్కపెట్టండి. అక్కడి సాధారణ ఇటుకలు, మధ్యనున్న సున్నంతో కలిపి, మూడు వరుసలకు సుమారు 8 అంగుళాలు వస్తాయి. అంటే 45 వరుసలు పదడుగులు. పాత ఇటుకల కొలతల్లో తేడాలుంటాయి కాబట్టి ఒక తలుపు ఎత్తుతో సరిచూసుకోవడం మేలు.

పట్టాల వైపు రూపాన్ని మాత్రం మిల్లు పని నుంచే రాబట్టాలి. ఏ సరుకు వచ్చేది, ఏది పోయేది, ఎక్కడ దించేవారు అన్నవి తేలితే గోడలో తలుపులెక్కడుండాలో సగం తేలినట్టే. 1950లో ధాన్యం ఎక్కువగా 40 అడుగుల మూత వ్యాగన్లలోనే వచ్చేది. ధాన్యపు హాపర్లు (ధాన్యాన్ని అడుగు నుంచి జార్చే వ్యాగన్లు) 1960లలో గానీ విరివిగా వాడుకలోకి రాలేదు, కాబట్టి అవి మీ సైడింగు (మిల్లు పక్కకు వెళ్లే పట్టాలు) మీద నిలబడితే తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు. పిండి బస్తాలు ఎక్కించే ప్లాట్‌ఫారం వ్యాగన్ నేలకు సమంగా, పట్టాల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తున ఉండాలి.

200 అడుగుల మిల్లు 70 సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. చోటు చాలకపోతే ఒకేలా ఉన్న కిటికీల వరుసల్లో కొన్నిటిని తీసేయండి గానీ, తలుపులనూ ప్లాట్‌ఫారం ఎత్తునూ తగ్గించకండి. అవి వ్యాగన్ పక్కనే ఉంటాయి గనుక తేడా ఇట్టే కనిపిస్తుంది.