హార్డ్ గన్ కేస్‌కి ఫోమ్ మనమే కోసుకోవచ్చా? మూడు కేసులు కోసిన అనుభవంతో

కొత్త హార్డ్ కేస్‌లో ఫోమ్ సాదా దిమ్మలా వచ్చిందనీ, దాన్ని రైఫిల్ ఆకారానికి ఇంట్లోనే కోసుకోవచ్చా, ఏ ఫోమ్ ఏ కత్తి మంచివనీ మీరు అడిగారు. హాయిగా కోసుకోవచ్చు. నా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి రెండుసార్లు, తోటి షూటర్ పిస్టల్‌కి ఒకసారి కోశాను. మొదటిది పాడుచేశాను కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

అప్పుడు రైఫిల్‌ని నేరుగా ఫోమ్ మీద పడుకోబెట్టి, చుట్టూ మార్కర్‌తో గీసి, గీత ఎక్కడా తప్పకుండా కోశాను. రైఫిల్ అందులో అచ్చు గుద్దినట్టు కూర్చుంది. ముచ్చటేసి ఫొటోలు తీసి అందరికీ పంపాను కూడా. తర్వాతి పోటీలో సైటింగ్ షాట్లు (అసలు పోటీకి ముందు గురి సరిచూసుకునేవి) వేస్తుంటే పెల్లెట్లన్నీ గురికి కిందగా తగులుతున్నాయి. సరిచేసుకుని ఆడాను. ఆ తర్వాత పోటీలోనూ అదే తంతు. కారణం దొరకడానికి చాలా రోజులు పట్టింది. వెనక సైటు (గురి చూసే పరికరం) మీద ఎత్తు మార్చే నాబ్ ఉంటుంది కదా, అది ఫోమ్ గోడకి గట్టిగా ఒరుసుకుని ఉంది. రైఫిల్‌ని పైకి లాగినప్పుడల్లా ఫోమ్ ఆ నాబ్‌ని పట్టుకుని ఒకటో రెండో క్లిక్కులు తిప్పేస్తోంది. నేనేమో గాలినీ, నా ఊపిరినీ, చివరికి పెల్లెట్లనీ అనుమానించాను!

అందుకే చెబుతున్నాను, ఫోమ్ తుపాకీని నిలువెల్లా కరుచుకోనక్కర్లేదు. బరువూ బలమూ ఉన్నచోట గట్టిగా పట్టుకోవాలి, నాజూకుగా ఉన్నచోట వదిలేయాలి. స్టాక్ (పట్టుకుని భుజానికి ఆనించే చెక్క భాగం) లావుగా ఉండే చోటు, ముందుచేయి పట్టుకునే చోటు, బారెల్ మొదలు, ఈ మూడూ బిగిస్తే రైఫిల్ ఎటూ కదలదు. సైటు, ట్రిగ్గర్, బోల్ట్ లేదా కాకింగ్ లివర్ (పెల్లెట్ పెట్టేందుకు తెరిచే మీట), స్కోప్ ఉంటే దాని టరెట్లు (గురి సరిచేసే నాబ్‌లు), వీటి చుట్టూ వేలు పట్టేంత ఖాళీ ఉండాలి. కేస్ అందం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

ఇక ఫోమ్. కేస్‌తో పాటు వచ్చే మెత్తటి నల్ల ఫోమ్ ఎక్కువగా పాలీయురితేన్. చిన్న చిన్న గళ్లుగా ముందే చీల్చి, వేళ్లతో తుంచుకునేలా వచ్చేది కూడా అదే. పిస్టల్‌కి అది నడుస్తుంది కానీ బరువైన రైఫిల్‌కి నాకు నచ్చదు. గళ్ల మధ్య గోడలు పలచగా మిగిలి కొన్నాళ్లకి ఒరిగిపోతాయి. పైగా ఈ రకం స్పాంజిలా తేమ పీల్చుకుంటుంది. ఇందులో ఒక రకం ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని తేమకే జిగటగా మారి, పొడిపొడిగా రాలుతుంది. పాత కెమెరా పెట్టెల్లో మీరు చూసే ఉంటారు. రైఫిల్‌కైతే లోపలి గాలి బుడగలు మూసుకుని ఉండే (క్లోజ్డ్ సెల్) పాలీఇథిలీన్ ఫోమ్ కొనండి. గట్టిగా ఉంటుంది, నీళ్లు పీల్చదు, కోసిన అంచు నిలబడుతుంది. ఘనమీటరుకి 30 కిలోల దరిదాపు సాంద్రత సరిపోతుంది. మూతకి మాత్రం మెత్తటి పాలీయురితేనే మేలు. పైనుంచి కాస్త నొక్కి పట్టడమే దాని పని.

గీత గీసే ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో మీ కళ్లతో చూడండి. చాంబర్ (గుండు కూర్చునే చోటు) చూసి, మ్యాగజైన్ ఉంటే తీసి, సేఫ్టీ ఫ్లాగ్ (చాంబర్ ఖాళీ అని చూపే రంగు గుర్తు) పెట్టి అప్పుడు బల్ల మీద పెట్టండి. నిన్ననే చూశానులే అనుకోవద్దు.

ఫోమ్ మీద నేరుగా గీయొద్దు. పెద్ద కాగితం పరిచి దాని మీద గీయండి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. బారెల్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి పెన్సిల్ కాస్త వంగినా మొన దాని కిందికి దూరిపోతుంది. అలా గీసిన బొమ్మలో బారెల్ అసలు కన్నా సన్నగా వస్తుంది. పెన్ను రీఫిల్‌ని ఒక చెక్కముక్క నిటారు అంచుకి టేపుతో అంటించి, ఆ చెక్కని తుపాకీకి ఆనిస్తూ జరిపితే ఈ గొడవ ఉండదు. కాకపోతే గీత కాస్త బయటికి జరుగుతుంది, ఎంత జరిగిందో కొలిచి తర్వాత తగ్గించుకోవాలి. తర్వాత కాగితం బొమ్మని అట్ట మీదికి ఎక్కించి కోయండి. ఆ అట్టని తుపాకీ పక్కన పెట్టి, ఏ వైపు పైకో పెద్ద అక్షరాలతో రాయండి. పిస్టల్ కేస్‌కి అట్టని తిరగేసి గీసింది నేనే. అదృష్టం బాగుండి, కత్తి పెట్టకముందే ఆ పిస్టల్ యజమాని చూశాడు.

అట్టలు కేస్‌లో పేర్చి చూసుకునే రోజు మాత్రం తొందరపడకండి. గుంటకీ గుంటకీ మధ్య కనీసం 25 మిల్లీమీటర్ల గోడ, కేస్ అంచు వైపు 30 పైన ఉండాలి. చక్రాలున్న కేస్ అయితే దాన్ని నిలబెట్టి లాక్కెళతాం, అప్పుడు రైఫిల్ బరువంతా ఒక చివరకే పడుతుంది. మ్యాచ్ ఎయిర్ రైఫిల్‌కి అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ అనుమతించే గరిష్ఠ బరువు 5.5 కిలోలు. అంత బరువూ బట్‌ప్లేట్ (స్టాక్ చివర భుజానికి ఆనే పలక) కొక్కెం మీద దిగితే దాని సెట్టింగ్ కదిలిపోతుంది. అందుకని కిందికి వచ్చే చివర గోడని అరచేయి వెడల్పు ఉంచి, బట్‌ప్లేట్‌ని విప్పి వేరే గుంటలో పెడతాను. బరువు అప్పుడు స్టాక్ చెక్క మీద ఆగుతుంది. విప్పే ముందు అది ఏ మార్కింగ్ దగ్గర ఉందో రాసిపెట్టుకుంటే మళ్లీ బిగించడం రెండు నిమిషాల పని.

కోతలో అందరూ చేసే తప్పు కత్తిని నొక్కడం. నొక్కితే ఫోమ్ అణిగి, వదిలాక లేస్తుంది. పైన గీత మీదే ఉన్న కోత అడుగున ఎటో పోయి ఉంటుంది. బ్లేడుని పూర్తిగా బయటికి లాగి, నిటారుగా పట్టుకుని, ఒకే దారిలో నాలుగైదుసార్లు తేలిగ్గా లాగుతూ లోతుకి వెళ్లాలి. 18 మిల్లీమీటర్ల స్నాప్ బ్లేడు కటర్ చాలు. కోత కరకరలాడిందంటే మొన పోయినట్టే, విరిచేసి కొత్తది బయటికి తీయండి. ఒక రైఫిల్ కేస్‌కి నాకు నాలుగైదు ముక్కలు ఖర్చవుతాయి. మందపు మెత్తటి ఫోమ్‌కి రెండు బ్లేడుల ఎలక్ట్రిక్ వంటింటి కత్తి బాగా పనిచేస్తుంది. ఒక బ్లేడు ముందుకి, ఒకటి వెనక్కి నడుస్తాయి కాబట్టి ఫోమ్‌ని ఎటూ లాగదు. వేడి తీగతో కోయడం పాలీఇథిలీన్‌కి మాత్రమే, అదీ గాలి ఆడే చోట. పాలీయురితేన్‌కి వేడి తీగ పెట్టొద్దు, ఆ పొగ విషం.

పాలీయురితేన్ అయితే పట్టుకోవాల్సిన చోట గీతకి 2, 3 మిల్లీమీటర్లు లోపలికి కోయండి, అది సాగి బిగుతుగా పట్టుకుంటుంది. పాలీఇథిలీన్ సాగదు, సరిగ్గా గీత మీదే కోయాలి. ఎక్కడైనా సరే ముందు తక్కువే కోయండి. ఎక్కువ పోతే తీసిన ముక్కలోంచే సన్నటి పట్టీ కోసి అంటించాల్సి వస్తుంది. అందుకే ఏ ముక్కా పారేయను.

సగం లోతు గుంట తవ్వే జోలికి పోకండి, అడుగు ఎప్పుడూ గతుకులే వస్తుంది. రెండు పొరలు తీసుకోండి. పై పొరని అడుగుదాకా పూర్తిగా కోసి, కింద కోయని పొర వేసి అంటిస్తే అడుగు దానంతటదే చదునుగా ఉంటుంది. పై పొర మందం స్టాక్ మందంలో సగానికి కాస్త ఎక్కువ చాలు, మిగతాది మూత ఫోమ్ చూసుకుంటుంది. జిగురు స్ప్రే కాంటాక్ట్ రకం వాడి, ఒక రోజంతా మూత తెరిచి ఉంచండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ మాత్రం వద్దు, ఆరేటప్పుడు అది వదిలే ఆమ్లానికి ఇనుము తుప్పు పడుతుంది.

తుప్పంటే గుర్తొచ్చింది. కేస్ ప్రయాణానికే, నిల్వకి కాదు. చుట్టూ రబ్బరు సీలు ఉన్న కేస్ బయటి తేమని ఎలా ఆపుతుందో, లోపలి తేమనీ అలాగే బంధిస్తుంది. వానలో తెచ్చిన తుపాకీని అందులోనే పెట్టి మర్చిపోతే ఫోమ్ ఆనిన గీత వెంబడే తుప్పు లేస్తుంది. సిలికా జెల్ పొట్లాలకి చిన్న గుంట ఒకటి కోసుకోండి. సేఫ్టీ ఫ్లాగ్‌కీ, అలెన్ కీలకీ కూడా. విమానంలో తీసుకెళ్లేట్టయితే తుపాకీ ఖాళీగా, తాళం వేసిన గట్టి కేస్‌లో, చెక్‌ఇన్ లగేజీలోనే వెళ్లాలి. ఎయిర్ రైఫిల్ సిలిండర్‌లో గాలి తీసేశారని చూపించమని అడగొచ్చు, అందుకే దాని గేజ్ పైకి కనిపించేలా గుంట కోశాను.

అంతా అయ్యాక సైటు నాబ్‌లకీ టరెట్లకీ చిన్న మాస్కింగ్ టేపు ముక్కలు అంటించి, వాటి మీద సుద్ద రుద్దండి. కేస్ మూసి, తాళం వేసి, ఆ రాత్రంతా చక్రాల మీద నిలబెట్టండి. పొద్దున్నే నాలుగడుగులు లాగి, మెల్లగా తెరవండి. నల్ల ఫోమ్ మీద తెల్ల మరక ఎక్కడ కనిపిస్తే అక్కడ ఇంకో వేలు వెడల్పు కోయాలి. నా రెండో కేస్‌కి మూత ఫోమ్ మీదే మూడు మరకలు వచ్చాయి.