ఫోనులో మతిమరుపు పరీక్ష: అది ఉద్యోగమవుతుందా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి తిరుపతిలో స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్‌తో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. మా అమ్మకు మూడేళ్లుగా మతిమరుపు, వేలూరులో చూపిస్తున్నాం. ఇలాంటి జబ్బును ఫోనులో చిన్న చిన్న పరీక్షలు పెట్టి కొలిచే పరిశోధన జరుగుతోందని చదివి, ఆ పనే చేస్తానని అమ్మాయి పట్టుబట్టింది. ఎంసీఏ చేయించి సాఫ్ట్‌వేర్‌కు పంపాలని నా ఆలోచన. అసలు అది ఉద్యోగమేనా?

జవాబు: ఉద్యోగమేనండీ. కాకపోతే యాప్ తయారుచేసే ఉద్యోగం కాదు. యాప్ ఎవరైనా చేస్తారు. అది చూపించే అంకెను నమ్మవచ్చా లేదా అని తేల్చడమే అసలు పని. దానికి లెక్కలూ కావాలి, మనిషి మనసూ తెలియాలి.

డిమెన్షియాను, అంటే మతిమరుపు ముదిరే ఇలాంటి మెదడు జబ్బును, అంచనా వేయడానికి ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడేవాటిలో ఒకటి 1975లో వచ్చిన 30 మార్కుల పరీక్ష. ఇవాళ ఏ వారం అని అడుగుతారు, మూడు మాటలు చెప్పి కాసేపాగి మళ్లీ చెప్పమంటారు. చిత్తూరులో తెల్లవారుజామున బస్సెక్కి, ఓపీ చీటీ కోసం నిలబడి, డాక్టరును చూడగానే బెదిరిపోయిన పెద్దమనిషికి ఆ రోజు వచ్చిన మార్కులు ఆమె మెదడువో, అలసటవో ఎలా చెబుతాం? పరిశోధకులు ఫోను పట్టుకున్నది ఇందుకే. ఇంట్లోనే, రోజుకు కొన్ని నిమిషాల చొప్పున, పలుమార్లు పరీక్ష పెడితే ఒకనాటి ఒడుదొడుకులు సగటులో సర్దుకుపోతాయి. తెరను తాకడానికి పట్టిన సమయం మిల్లీసెకన్లలో నమోదవుతుంది. జ్ఞాపకం కంటే ముందు ప్రవర్తన, మాట దెబ్బతినే ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియాపై అమెరికాలో ఇలాగే 360 మందిని పరీక్షించి, ఫలితాలను 2024లో ప్రచురించారు. ఇంటి దగ్గర, పక్కన ఎవరూ లేకుండా రాసిన పరీక్షలు కూడా నిలకడగానే ఉన్నాయని, ఆస్పత్రి పరీక్షలతో సరిపోలాయని తేలింది. అంతమాత్రాన ఫోను జబ్బును నిర్ధారించేస్తుందని కాదు. ప్రస్తుతానికి అది పరిశోధనలో కొలబద్ద మాత్రమే.

ఆ కొలబద్దను మన ఊరికి తెస్తే ఏమవుతుందో చూడండి. అంకెలు వినిపించి అదే వరుసలో తిరిగి చెప్పమనే పరీక్ష ఒకటుంది. ఇంగ్లీషులో ఒకటి నుంచి తొమ్మిది వరకు ‘సెవెన్’ తప్ప అన్నీ ఏకాక్షరాల్లాంటివే. మనకు నాలుగు, ఎనిమిది, తొమ్మిది. పలకడానికి ఎక్కువసేపు పట్టే మాటలు తక్కువగా గుర్తుంటాయి. కాబట్టి ఇంగ్లీషు పరీక్షను అనువదించి పెడితే, జబ్బు లేనివాళ్లకూ మార్కులు తగ్గవచ్చు. పైగా మనవాళ్లు ఫోను నంబరును ‘నైన్ ఫోర్’ అంటూ ఇంగ్లీషులోనే అప్పజెబుతారు! మరి పరీక్ష ఏ భాషలో పెట్టాలి? ఇక పొడిబారిన వేలు తెర మీద సరిగా పడదు. మధ్యలో బ్యాంకు మెసేజీ టింగుమంటుంది. పక్కన కూర్చున్న మనవడు జవాబు అందిస్తాడు. చవక ఫోనులో తెర స్పందనే ఆలస్యం. ఆ ఆలస్యం ఫోనుదా, మనిషిదా? ఇవి తేల్చడానికి తెలుగు తెలిసినవాళ్లే కావాలి. అందుకే మీ అమ్మాయి కోరిక నాకు వింతగా అనిపించలేదు.

దేశంలో ఈ పని లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ రూపొందించిన ఇలాంటి పరీక్షల సముదాయం తెలుగులోనూ ఉంది. మన సరిహద్దు దాటగానే, తెలుగు బాగా వినిపించే కోలారు జిల్లా శ్రీనివాసపురంలో, 45 ఏళ్లు దాటిన పదివేల మంది గ్రామీణులను ఏళ్ల తరబడి గమనించాలన్న లక్ష్యంతో బెంగళూరు ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)లోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ అధ్యయనం చేస్తోంది. మెదడు, మానసిక వైద్యానికి పేరున్న బెంగళూరు నిమ్హాన్స్ ఎటూ ఉంది.

చదువు సంగతి. స్టాటిస్టిక్స్‌ను మాత్రం వదలనివ్వకండి. ఎంసీఏ కంటే ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ మేలని నా అభిప్రాయం. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆ విభాగమూ ఉంది, సైకాలజీ విభాగమూ ఉంది. మనసు మారినా మందుల ప్రయోగాల సమాచారం విశ్లేషించే కంపెనీల్లో ఆ చదువు పనికొస్తుంది. సైకాలజీ వైపే గాలి మళ్లితే, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మెదడు, ఆలోచనల శాస్త్రానికే ప్రత్యేక కేంద్రం ఉంది. రోగులకు చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే మాత్రం దారి వేరు. దానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు, నమోదు తప్పనిసరి.

జీతం సంగతి దాచను. మొదట్లో దొరికేవి ప్రాజెక్టు ఉద్యోగాలు. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగుస్తుంది. పీహెచ్‌డీ లేనిదే నిలదొక్కుకోవడం కష్టం. సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితురాలు కారు కొన్నప్పుడు మీ అమ్మాయి ఇంకా స్కాలర్‌షిప్ మీదే ఉండవచ్చు. ఇది తనకూ చెప్పండి, ముందే.

తేల్చుకోవడానికి ఈ సెలవుల్లో ఒక పని చేయమనండి. తెర మీద చుక్క కనబడగానే తాకే చిన్న ప్రోగ్రాం తనే రాసి, మీ వీధిలో ఒప్పుకున్న అయిదుగురు పెద్దవాళ్లతో వారం రోజులు ఆడించి, అంకెలు రాసుకోవాలి. మూడో రోజుకు విసుగొస్తే ఎంసీఏకే దరఖాస్తు చేయండి.

వాళ్ల అవ్వను మాత్రం ఇందులోకి దించవద్దు. తప్పుతున్నానని తనకు తెలిసిపోతే పెద్దావిడ కుంగిపోతుంది. పైగా ఆస్పత్రి ప్రశ్నలనే ఇంట్లో వల్లె వేయిస్తే డాక్టరు దగ్గర మార్కులు పెరుగుతాయి, జబ్బు మాత్రం తగ్గదు. దానికి బదులు అవ్వ ఏ రోజు ఏ పని మరిచిందో, ఎవరిని పోల్చుకోలేకపోయిందో తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచమనండి. ఈసారి వేలూరు వెళ్లేటప్పుడు అది తీసుకెళ్లండి.