లాటిన్‌లో ఇల్లు, ఊరు, దారి పదాలు ఎంత చదివినా గుర్తుండట్లేదు. మీరెలా నేర్చుకున్నారు?

దొముస్, విల్ల, ఇన్సుల మూడిటికీ పుస్తకంలో 'ఇల్లు' అనే ఉందని, పైగా ఊళ్ల పేర్లకు విభక్తులు వేరేగా ఉన్నాయని అడిగారు. నాదీ ఇదే గోల. జర్మనీలో ప్రాచీన చరిత్ర చదవడానికి వచ్చాక, లాటిన్ తప్పదంటే ముప్పై దాటిన వయసులో అక్షరాలు దిద్దాను.

మొదటి పరీక్షలోనే పరువు పోయింది. రోమ్‌లో ఒక పేదవాడు ఇన్సులలో ఉంటాడన్న వాక్యానికి 'దీవిలో ఉంటాడు' అని రాశాను. ఇన్సుల అంటే దీవే, కాదనను. కానీ రోమ్‌లో అంతస్తుల మీద అంతస్తులేసి అద్దెకిచ్చే భవనాన్నీ అలాగే అనేవారు. కింద దుకాణాలు, పైకి పోయేకొద్దీ ఇరుకు గదులు, పేదవాళ్లు. (లిఫ్టులొచ్చాక లెక్క తిరగబడింది.) దొముస్ ఉన్నవాళ్లు ఊళ్లో కట్టుకునే సొంతిల్లు. విల్ల ఊరి బయట, పొలాల మధ్య ఉండేది. హైదరాబాద్ శివార్లలో గోడకు గోడ ఆనించి విల్లా పేరుతో అమ్మేవాటిని చూస్తే రోమన్లు నవ్విపోతారు.

పట్టికలు బట్టీ పట్టడం మానేసి, ఒక ఇంటి నక్షా పట్టుకున్నాను. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన రోమన్ పట్టణం పాంపేయిలో 'ఫాన్ గృహం' (ఫాన్ అంటే రోమన్ల అడవి దేవుడు) అని ఉంది, సుమారు 3,000 చదరపు మీటర్లు. రోజూ మనసులోనే వీధిలోంచి లోపలికి నడిచేవాణ్ణి. గుమ్మం ముందు నేల మీద 'హవే' అని పొదిగి ఉంటుంది, రండి రండి అన్నట్టు. లోపల ఆత్రియుమ్. మండువా లోగిలి చూసినవాళ్లకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు. కప్పు నడుమ వదిలిన ఖాళీ కొంప్లువియుమ్, దాని కింద వాన నీళ్లు పడే తొట్టి ఇంప్లువియుమ్. రెండిట్లోనూ ఉన్నది ప్లువియ, అంటే వాన. త్రిక్లీనియుమ్‌లో 'త్రి' మనదే: మూడు వైపులా మంచాలేసుకుని ఒరిగి భోంచేసే గది. వంటగది కులీన. పెద్ద ఇళ్లలోనూ అది చీకటిగా, ఇరుగ్గానే ఉండేది. అందులో పొగ మింగేది బానిసలు కదా.

ఇక విభక్తులు. ఇక్కడ మనకు తెలుగే అండ. 'విజయవాడ వెళ్తున్నా' అంటాం గానీ 'బడి వెళ్తున్నా' అనం, బడికి 'కి' ఉండాల్సిందే. లాటిన్‌లోనూ ఊరి పేరు ముందు ఏ మాటా పెట్టరు: 'రోమమ్ ఎఓ', రోమ్ వెళ్తున్నా. అడవికైతే 'ఇన్ సిల్వమ్'. దొముస్ కూడా ఊళ్ల పేర్ల జట్టే. అలాగని 'అమెరికా వెళ్తున్నా' ధీమాతో దేశాలకూ వదిలేయకండి, ఇటలీకి 'ఇన్' కావాలి. వర్జిల్ తన ఈనియిడ్ కావ్యం మొదట్లోనే అది లేకుండా లాగించాడు, కానీ ఆయన కవి, మార్కులు వేసేవాళ్లు లేరు.

దొముస్ రూపమైన 'దొమీ'ని 'ఇంట్లో' అని కాక 'ఇంట' అని గుర్తుపెట్టుకోండి, ఇంట గెలిచి రచ్చ గెలవమన్న ఇంట. రోమన్లు 'దొమీ మిలీతియైక్వె' అనేవారు: ఊళ్లో ఉన్నప్పుడూ, దండయాత్రలోనూ. దాదాపు మన 'ఇంటా బయటా'. ఈ జంట కనబడ్డాక ఆ రూపం మళ్లీ మర్చిపోలేదు.

ఉర్బ్స్ అంటే నగరం. ఏ నగరమో చెప్పకపోతే రోమే. మా నల్లగొండ వైపు 'పట్నం పోయిండు' అంటే హైదరాబాదే అయినట్టు. బస్సు బోర్డు మీది 'వయా' కూడా లాటిన్ మాటే: వియ అంటే దారి, వియా అంటే దారిగుండా. నేనుంటున్న కొలోన్ పేరు కొలోనియ నుంచి వచ్చింది. క్రీ.శ. 50లో క్లాడియస్ చక్రవర్తి ఈ ఊరికి ఆ హోదా ఇచ్చాడు. మన కాలనీకీ మూలం అదే.

నక్షా మాత్రం చేత్తోనే గీయండి. నేను మొదట ప్రింటు తీసి గోడకు అంటించాను. నెల్లాళ్లు చూశాను, ఒక్క గదీ ఎక్కలేదు.