స్నోబోర్డు కొనేముందు పాదం కొలుచుకో

ప్రశ్న: అన్నగారూ, నేను ఆగస్టులో సియాటెల్ పక్కనున్న బోథెల్ వచ్చాను. మా టీమ్ వాళ్ళంతా చలికాలంలో స్నోక్వాల్మీ కొండకి వెళ్ళి, ఒకే పలకమీద నిలబడి మంచుమీద జారే స్నోబోర్డింగ్ చేస్తారట. నాకూ నేర్చుకోవాలని ఉంది. ఆన్‌లైన్‌లో బోర్డు, బైండింగ్స్ (బూట్లని బోర్డుకి పట్టి ఉంచేవి), బూట్లు కలిపి ఒక సెట్టు సేల్‌లో కనబడింది. కొనెయ్యమంటారా? ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 72 కిలోలు, షూ సైజు 9, కళ్ళద్దాలున్నాయి. మా ఆవిడకీ, ఏడేళ్ళ బాబుకీ ఏం కావాలో కూడా చెప్పండి.

జవాబు: తమ్ముడూ, ఆ సెట్టు కొనకు. కార్టులో పెట్టి ఉంటే ఇప్పుడే తీసెయ్యి.

ముందొచ్చిన మేమంతా చేసిన మొదటి తప్పు అదే. సెట్టులో కంటికి కనిపించేది బోర్డు, దానిమీది బొమ్మ. ధర తగ్గించడానికి నాసిరకం వేసేది బూట్లలో. కానీ రోజంతా నీ ఒంటికి అంటుకుని ఉండేవి ఆ బూట్లే. రెండోసారి వెళ్ళొచ్చాక బూట్లు పనికిరావని తెలుస్తుంది, వేరేవి కొంటావు. అవి పాత బైండింగ్‌లో పట్టవు, అదీ మారుస్తావు. చివరికి మూడు వందల డాలర్ల సెట్టు ఏడు వందలకు తేలుతుంది. రూపాయల్లోకి మార్చి చూసుకుంటావని తెలుసు. మార్చుకో, తప్పులేదు. మంచునే చూడని ఊళ్ళనుంచి వచ్చి ఈ కొండమీద నిలదొక్కుకున్నవాళ్ళం అందరం అలా లెక్క చూసుకునే నిలదొక్కుకున్నాం. అయితే ఎక్కడ మిగల్చాలో ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలిసి లెక్కవెయ్యాలి.

ముందు పాదం కొలుచుకో. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొలవాలి. గోడకి మడమ ఆనించి తెల్లకాగితం మీద నిలబడు, బరువంతా ఆ కాలిమీదే వెయ్యి. అన్నిటికన్నా పొడుగున్న వేలి కొన దగ్గర గీత గీసి సెంటీమీటర్లలో చూడు. రెండు కాళ్ళూ కొలిచి పెద్దదాన్ని తీసుకో. స్నోబోర్డు బూట్లమీద మోండో అని ఉండే అంకె ఈ కొలతే. 26 వస్తే అమెరికా మగవాళ్ళ సైజు 8, 27 వస్తే 9. పరుగుకి వేసుకునే షూలో ముందు ఖాళీ వదిలి కొంటాం కాబట్టి, 9 వేసుకునే నీకు పాదం 26 నుంచి 26.5 మధ్య రావచ్చు. అంటే నీ బూటు 8 గానీ 8.5 గానీ అవుతుంది. దుకాణంలో ఇంకా చిన్నది ఇచ్చినా భయపడకు.

మన ఇళ్ళల్లో షూ అంటే ఒక సైజు పెద్దది కొనడం అలవాటు. పైగా చలికి రెండు సాక్సులు వేసుకోవాలి కదా అని ఇంకో అర సైజు కలుపుతాం. ఈ రెండూ ఇక్కడ బెడిసికొడతాయి. ఎందుకో చెప్తాను. కాలివేళ్ళవైపు అంచుమీద మలుపు తిరగాలంటే మోకాళ్ళు వంచి, ముంగాలితో బూటు నాలుకని ముందుకి నెట్టాలి. బూటు వదులైతే లోపల మడమ పైకి లేస్తుంది, బోర్డు మాత్రం కదలదు. అప్పుడు కాలివేళ్ళతో బూటు అడుగుని గిల్లి పట్టుకుంటావు. గంటలో పిక్కలు పట్టేస్తాయి. పట్టు కోసం లేసు ఇంకా బిగిస్తావు, రక్తం ఆడక పాదం మొద్దుబారి చల్లబడుతుంది. బూట్లు వెచ్చగా లేవని నిందిస్తావు. నిజానికి కాలు చల్లబడింది లేసు బిగింపు వల్ల.

దుకాణంలో ఒక్క జత సన్నటి ఉన్ని సాక్సుతోనే తొడుక్కో. మెరీనో అని అమ్ముతారు, పాలియెస్టర్ అయినా ఫరవాలేదు, నూలు మాత్రం వద్దు. మడమని నేలకేసి నాలుగుసార్లు వెనక్కి తట్టి, ముందు లైనర్, అంటే బూటు లోపలి మెత్తటి పొర, బిగించి, తర్వాత పైది బిగించు. నిటారుగా నిలబడితే వేళ్ళ కొనలు బూటు ముందుభాగాన్ని తాకాలి. మోకాళ్ళు వంచితే ఆ తాకిడి వదలాలి. మునివేళ్ళమీద లేచి చూడు, మడమ అర సెంటీమీటరు లేచినా అది నీ బూటు కాదు. అలా ఇరవై నిమిషాలు దుకాణంలోనే తిరుగు, మొహమాటం వద్దు. ఒకేచోట నొక్కి నొప్పి పుడితే ఇంకో కంపెనీది అడుగు. చిన్నప్పటి నుంచి చెప్పులతో తిరిగిన మనలో చాలామందికి పాదం ముందువైపు వెడల్పుగా ఉంటుంది. వైడ్ అని విడిగా వచ్చే బూట్లు అడగాలి, పొడుగు పెంచి వెడల్పు తెచ్చుకోకూడదు. కొత్త లైనర్ కొన్ని రోజులు వాడాక అణిగి దాదాపు అర సైజు వదులవుతుంది. అందుకే మొదటిరోజే హవాయి చెప్పుల్లా హాయిగా ఉన్న బూటు సీజన్ చివరికి డొల్లగా ఆడుతుంది. గట్టిదనం 10కి 3, 4 ఉన్న మెత్తటివి చాలు. డయల్ తిప్పితే బిగిసేవి, దారం లాగితే బిగిసేవి, మామూలు లేసువి, మూడూ పనికొస్తాయి. కొత్త బూట్లు సుమారు 150 నుంచి 300 డాలర్ల మధ్య ఉంటాయి. ఆ డబ్బు సంతోషంగా పెట్టు.

బోర్డు ఈ సీజన్ కొనకు. అద్దెకి తీసుకో. మొదటి రెండు రోజులూ బూట్లతో సహా అద్దెకే వెళ్ళు. కొండ దగ్గర మొదటిసారి వచ్చేవాళ్ళకి లిఫ్ట్ టికెట్టు, పాఠం, సామాను కలిపి ప్యాకేజీ ఇస్తారు. విడివిడిగా కొనేదానికన్నా అది చవక, ముందే ఆన్‌లైన్‌లో కొంటే ఇంకా చవక. పాఠం డబ్బులు మిగిలాయని స్నేహితుడి దగ్గర నేర్చుకోవద్దు. రెండు రోజుల తర్వాత కూడా నీకు ఆశ చావకపోతే బూట్లు కొని, బోర్డూ బైండింగ్స్ సీజన్ మొత్తానికి అద్దెకి తీసుకో. నాలుగైదుసార్లు వెళ్ళేటట్టయితే రోజు అద్దెకన్నా సీజన్ అద్దె గిట్టుబాటు. వెళ్ళేదీ లేనిదీ తేలకుండా గరాజ్‌లో బోర్డు పెట్టుకున్న ఇళ్ళు మన కాలనీల్లోనే ఎన్నో.

అద్దె బోర్డైనా సరే, ఏది ఇవ్వాలో నువ్వే చెప్పాలి. గడ్డందాకా వస్తే చాలు అనే పాత లెక్క పట్టుకోకు. బోర్డుకి తెలిసేది నీ బరువే, ఎత్తు కాదు. 72 కిలోలకి 152 నుంచి 156 సెంటీమీటర్లు సరిపోతుంది, నేర్చుకునేటప్పుడు చిన్నవైపే ఉండు. చిన్న బోర్డు తేలిగ్గా తిరుగుతుంది. పెద్దది వేగంలో నిలకడగా ఉంటుంది, కానీ ఆ వేగం నీకు ఇప్పుడు వద్దు. నడుము వెడల్పు, అంటే బోర్డు మధ్యలో సన్నగా ఉండే చోటు, 8, 8.5 బూట్లకి 250 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండాలి. మరీ సన్నగా ఉంటే మలుపులో బూటు కొన మంచులో గీరుకుని పడేస్తుంది, మరీ వెడల్పైతే అంచు మార్చడానికి బలం చాలదు. బూటు రెండువైపులా ఒకటి రెండు సెంటీమీటర్లు బయటికి రావడం మామూలే.

ఇంకొకటి బోర్డు వంపు. ఖాళీ బోర్డుని సమంగా ఉన్న నేలమీద పెట్టి ఒక కాగితం తోసి చూడు. మధ్యలో కిందికి దూరిపోతే అది క్యాంబర్. కొనల దగ్గర దూరి మధ్యలో ఆగిపోతే రాకర్. ఎక్కడా దూరకపోతే ఫ్లాట్. క్యాంబర్ మీద నువ్వు నిలబడితే కొనల దగ్గర అంచులు మంచుని గట్టిగా పట్టుకుంటాయి. నేర్చినవాడికి అది వరం. కొత్తవాడికి పల్లంవైపు అంచు ఒక్క క్షణం మంచులో దిగబడితే చాలు, చాపలా నేలకి కొడుతుంది. అందుకని ఫ్లాట్ గానీ, రెండు కాళ్ళ మధ్య రాకర్ ఉన్న హైబ్రిడ్ గానీ అడుగు. గట్టిదనం 10కి 3, 4.

ఏ కాలు ముందుంటుందని కౌంటర్ దగ్గర అడుగుతారు. ఇంట్లో సాక్సులతో చెక్క నేలమీద నాలుగడుగులు పరిగెత్తి జారు. ఏ కాలు తనంతట తాను ముందుకి వస్తే అదే. ఎడమైతే రెగ్యులర్, కుడైతే గూఫీ. బైండింగ్ కోణాలు ముందుకాలికి ప్లస్ 15, వెనకకాలికి మైనస్ 6 పెట్టమను. రెండు కాళ్ళ మధ్య దూరం నీ ఎత్తుకి 20, 21 అంగుళాలతో మొదలుపెట్టు. మోకాళ్ళు లోపలికి నొక్కుకుపోతున్నట్టనిపిస్తే అంగుళం తగ్గించుకో. సొంత బైండింగ్ అయ్యాక 3వ నంబరు ప్లస్ స్క్రూడ్రైవర్ దగ్గరుంచుకో. ఇంట్లో ఉండే చిన్నదానితో తిప్పితే స్క్రూ తల అరిగిపోయి ఇక ఊడిరాదు. మొదటి రెండు రౌండ్లయ్యాక స్క్రూలు ఒకసారి బిగించాలి, అవి తప్పకుండా కొంచెం వదులవుతాయి.

ఇప్పుడు బట్టలు. పొడి మంచు పడే కొలరాడో వీడియోలు చూసి ఇక్కడికి బట్టలు కొంటారు, అదే చిక్కు. స్నోక్వాల్మీ పాస్ ఎత్తు 3,022 అడుగులే. చలి చాలాసార్లు సున్నా డిగ్రీల దగ్గరే ఊగుతుంది. పొద్దున మంచు, మధ్యాహ్నం వాన. నీళ్ళు పట్టి బరువెక్కిన ఈ మంచుని ఇక్కడివాళ్ళు క్యాస్కేడ్ కాంక్రీట్ అంటారు. నేర్చుకునేవాడు నిలబడేదానికన్నా కూర్చునేదే ఎక్కువ. అంచేత జాకెట్టుకన్నా ముందు ప్యాంటు చూడు. లేబుల్ మీద నీరు ఆపే శక్తి 10 వేల మిల్లీమీటర్లు అని ఉంటే పొడి మంచుకి చాలు, ఇక్కడ 15 నుంచి 20 వేలు కావాలి. లోపలివైపు తిప్పి కుట్లన్నిటిమీదా టేపు అతికించి ఉందో లేదో చూడు. కొన్ని కుట్లకే వేస్తే సీటు దగ్గరే నీరు దిగుతుంది. జీన్స్ వద్దంటే వద్దు. తడిసిన నూలు ఒంటి వేడిని లాగేస్తుంది. లోపల పాలియెస్టర్ లేదా మెరీనో, దానిమీద పల్చటి ఫ్లీస్, పైన ఈ జాకెట్టు. ఇండియా నుంచి తెచ్చుకున్న లావు స్వెట్టరు ఇంట్లోనే ఉంచు. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే నీరు జారే పూత పోతుంది. నిరుటి మోడళ్ళు మార్చి, ఏప్రిల్‌లో బాగా తగ్గిస్తారు. బట్టలు అప్పుడు కొనుక్కో, ఈలోగా ప్యాంటు కూడా అద్దెకి దొరుకుతుంది.

గ్లవ్స్ బదులు మిటెన్స్, అంటే నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండేవి, వెచ్చన, రెండు జతలు తీసుకెళ్ళు, మధ్యాహ్నానికి ఒకటి తడిసిపోతుంది. మణికట్టు గార్డ్స్ తప్పనిసరి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఎక్కువగా విరిగేది మణికట్టే. పడుతూ చేతులు చాచి ఆపుకోవడం సహజం, దానివల్లే విరుగుతుంది. పిడికిలి మూసి ముంజేతులమీద పడాలి. పాతిక ముప్పై డాలర్ల గార్డ్స్ దగ్గర పిసినారితనం చూపి, ఎమర్జెన్సీ రూమ్ బిల్లుకి నీ డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్సు ఇవ్వడం మొదలుపెట్టేముందు నీ జేబులోంచి పోయేది, మొత్తం కట్టకు. నీ ఇన్సూరెన్సు ప్లాన్‌లో ఆ అంకె ఎంతో ఈ రోజే చూసుకో. తుంటిదగ్గర ప్యాడ్ ఉన్న షార్ట్స్ కూడా ఉంటే మంచిది.

హెల్మెట్ ఎప్పుడూ కొత్తదే కొను. లోపల ఏఎస్‌టీఎమ్ ఎఫ్ 2040 అని ఉండాలి, అది మంచు ఆటల హెల్మెట్ల భద్రతా ప్రమాణం. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా లోపలి నురుగు నలిగి ఉంటుంది, మళ్ళీ పనిచెయ్యదు. దానికింద మంకీ క్యాప్ పెడితే హెల్మెట్ తలమీద నిలవదు. కళ్ళద్దాలున్నాయి కాబట్టి ఓటీజీ, అంటే కళ్ళద్దాలమీదే పెట్టుకునే గాగుల్స్ అడుగు, లోపల ఫ్రేముకి చోటుంటుంది. నల్లటి అద్దం వద్దు. ఇక్కడ మబ్బు, పైగా ఆఫీసయ్యాక నైట్ స్కీయింగ్‌కే వెళ్తావు. పసుపు, గులాబి రంగు అద్దం, వెలుతురు 40 నుంచి 60 శాతం లోపలికి వచ్చేది తీసుకో. నుదుటిమీదికి ఎత్తిపెట్టకు, చెమట ఆవిరి పట్టేస్తుంది. లోపలివైపు తడి తుడిస్తే ఆవిరి పట్టకుండా వేసిన పూత లేచిపోతుంది, మెత్తని గుడ్డతో అద్దినట్టు అద్దు.

వచ్చే ఏడాది పాత బోర్డు కొనాలనుకుంటే అక్టోబరు, నవంబరుల్లో జరిగే స్కీ స్వాప్‌లకి, అంటే వాడిన సామాను అమ్మే సంతలకి, వెళ్ళు. గోరుతో ఇనుప అంచు పొడుగునా తడుము, పగులుంటే తెలుస్తుంది. పక్క గోడ పొరలు విడిపోయాయా చూడు. బైండింగ్ బిగించే రంధ్రాల్లో మరలు అరిగాయేమో ఒక స్క్రూ తిప్పి చూడు. అంచుల పక్కన అడుగు తెల్లబారి పొడిగా ఉంటే మైనం లేదని అర్థం, అది మామూలే, వేడి మైనం పడితే నల్లగా నిగనిగలాడుతుంది. అంచు తెగిన బోర్డు ఎంత చవకైనా వద్దు. ఇంటికొచ్చాక తడి బోర్డుని సంచిలో వదలకు. పాత తువ్వాలుతో అంచులు తుడిచి గోడకి ఆనించు, లేకపోతే తెల్లారేసరికి తుప్పు. కొండమీద బోర్డు కింద పెట్టేటప్పుడు బైండింగ్స్ నేలవైపు ఉండాలి. దానికి బ్రేకుల్లేవు, జారిందంటే కింద ఎవరి కాళ్ళకో తగులుతుంది.

మంచులో కారు చక్రాలకి గొలుసులు వెయ్యాలన్న నిబంధన, పాస్ దారి మూసివేతలు వాషింగ్టన్ రవాణా శాఖ సైటులో ఉంటాయి, బయల్దేరేముందు చూసుకో.

మరదలికి ఇవే లెక్కలు, ఆడవాళ్ళ బోర్డులు నడుము సన్నగా ఉంటాయి, బూట్లు కూడా ఆడవాళ్ళవే తీసుకోమను, పిక్క దగ్గర కోత వేరు. ఆడవాళ్ళ సైజు నంబర్లు వేరుగా ఉంటాయి కాబట్టి మోండో అంకె చెప్తేనే తేలిక. బాబుకి మాత్రం ఏమీ కొనకు. రెండేళ్ళు వస్తుందిలే అని పెద్ద బోర్డు, పెద్ద బూట్లు తీసుకుంటే వాడికి ఈ ఆటంటేనే విసుగొస్తుంది. పిల్లల సామాను సీజన్ మొత్తానికి అద్దెకిచ్చే దుకాణాలున్నాయి, మంచు పడకముందే ఇస్తారు, చిన్న సైజులు తొందరగా అయిపోతాయి. ఈ శనివారమే వాడిని గోడకి ఆనించి నిలబెట్టి పాదం గీసి పట్టుకెళ్ళు.