రామన్ ప్రోబ్ వచ్చింది, మరి నా ఉద్యోగం?

ప్రశ్న: మేడమ్, నేను జీనోమ్ వ్యాలీలో ఒక కంపెనీలో అప్‌స్ట్రీమ్ ఆపరేటర్‌ని. మందు తయారుచేసే కణాలను పెంచే ట్యాంకు, అంటే బయోరియాక్టర్ నుంచి శాంపిల్ తీసి పీహెచ్, గ్లూకోజ్, లాక్టేట్ చూసి బీఎమ్మార్‌లో (బ్యాచ్ తయారీ రికార్డులో) రాయడం నా పని. ఈమధ్య రియాక్టర్‌కి రామన్ ప్రోబ్ (కాంతితో పనిచేసే సెన్సర్) పెట్టారు. గ్లూకోజ్ ఎంతుందో నేరుగా స్క్రీన్ మీదికి వస్తోంది, ఫీడ్ (కణాల తిండి) దానంతట అదే వెళ్తోంది. బీఎమ్మార్ కూడా టాబ్లెట్‌లోకి మారింది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నాకేమో ఈ ఉద్యోగం ఎన్నాళ్ళుంటుందోనని టెన్షన్. ఇప్పుడు ఏం నేర్చుకోవాలి?
– ఒక పాఠకుడు, శామీర్‌పేట

జవాబు: తమ్ముడూ, ముందు కష్టమైన మాట చెప్పేస్తాను. శాంపిల్ తీసి అంకె రాయడం వరకే తెలిసినవాళ్ళ అవసరం తగ్గుతుంది. శాంపిల్ తీసిన ప్రతిసారీ కంటామినేషన్ భయం ఉంటుంది, రాత్రి రెండింటికి తీసిన శాంపిల్ ఫలితం వచ్చేలోపు కణాలు తిండి అయిపోయి కూర్చుంటాయి. మందు తయారైపోయాక పరీక్షించడంతో సరిపెట్టకుండా, తయారవుతుండగానే కొలుస్తూ ఉండమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లోనే మార్గదర్శకాలిచ్చింది. కాబట్టి ఆ ప్రోబ్ ఎక్కడికీ పోదు. దాని పక్కన నీ స్థానం ఏమిటన్నదే ఆలోచించు.

రామన్ ప్రోబ్ గ్లూకోజ్‌ని నేరుగా కొలవదు. లేజర్ కాంతిని లోపలికి పంపి, చెదిరి తిరిగొచ్చే కాంతిలో తరంగదైర్ఘ్యం ఎంత మారిందో చూస్తుంది. 1928లో సి.వి.రామన్ గారు కనిపెట్టింది ఈ మార్పునే. ఆయన స్కూలు చదువు మన విశాఖలోనే సాగింది. తిరిగొచ్చిన కాంతిలో గ్లూకోజ్, లాక్టేట్, ప్రోటీన్లు, మీడియాలోని (కణాలు పెరిగే ద్రవంలోని) మిగతా సరుకంతా కలగలిసి ఉంటుంది. అందులో గ్లూకోజ్ వాటా ఎంతో కంప్యూటర్‌కి ఎవరు చెప్పారు? పాత బ్యాచ్‌లలో నీలాంటివాళ్ళు తీసిన శాంపిళ్ళ ఫలితాలే చెప్పాయి. ఆ ఫలితం తప్పయితే మోడల్, అంటే కంప్యూటర్ కట్టే లెక్క, తప్పే నేర్చుకుంటుంది. క్లోన్ (వాడే కణాల రకం) మారినా మీడియా మారినా, మోడల్ ఇంకా సరిగ్గానే చెబుతోందా అన్నది మళ్ళీ శాంపిల్ తీసే తేల్చుకోవాలి.

పీహెచ్ సంగతే తీసుకో. చో సెల్స్ (మందుల తయారీకి వాడే చైనీస్ హామ్‌స్టర్ కణాలు) రియాక్టర్ 7.0 దగ్గర నడుస్తోందనుకుందాం. శాంపిల్ ట్యూబ్‌లోకి తీశావు, ఇంతలో ఎవరో పిలిచారు, మూత పెట్టకుండా బెంచి మీద వదిలి వెళ్ళొచ్చావు. ఈలోగా అందులో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ కొంత గాల్లోకి పోయింది, పీహెచ్ పెరిగింది. అనలైజర్ 7.1 అంది. స్క్రీన్ మీదేమో 7.0. ‘పీహెచ్ ప్రోబ్ డ్రిఫ్ట్ అయింది, కొలత పక్కకి జారింది’ అనుకుని దాన్ని 7.1కి సరిచేశావు. ఇక కంట్రోలర్ పీహెచ్ ఎక్కువైందనుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. స్క్రీన్ మీద మళ్ళీ 7.0 వచ్చేసరికి లోపల అసలు ఉన్నది 6.9. ట్రెండ్ గీత తిన్నగా ఉంటుంది, అలారం మోగదు. సరిచేసిన దగ్గర్నుంచి గ్యాస్ ఎందుకు ఎక్కువ పోతోందని ఎవరో ఒకరు అడగాలి. ఆ అడిగే మనిషివి నువ్వు కావాలి.

అందుకని నేర్చుకోవడం నీ ప్లాంట్‌లోనే మొదలుపెట్టు. ఒక బ్యాచ్ ట్రెండ్ తెరిచి పీహెచ్, కరిగిన ఆక్సిజన్, గ్యాస్ ఫ్లో, బేస్ (క్షారం) పంప్ అన్నీ ఒకే స్క్రీన్ మీద వేసుకో. ఒకటి కదిలినప్పుడు ఇంకొకటి ఎందుకు కదిలిందో తెలిసేదాకా వదలకు. ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్ళు క్యాలిబ్రేషన్‌కి (కొలత సరిచూడ్డానికి) వస్తే పక్కనే నిలబడి చూడు. ఆ తర్వాత స్టాటిస్టిక్స్ పట్టుకో. ఈ మోడళ్ళ వెనక ఎక్కువగా ఉండేవి పీసీఏ, పీఎల్‌ఎస్ అనే స్టాటిస్టిక్స్ పద్ధతులు; బోలెడు కొలతల్లోంచి పనికొచ్చేది లాగడం వాటి పని. డిగ్రీ సైన్స్ చదివినవాళ్ళకి అవి అందనివేం కావు.

టాబ్లెట్ గురించి మాత్రం దిగులు పడకు. ఎంట్రీ ఎవరు, ఎప్పుడు చేశారో, మారిస్తే పాత విలువ ఏమిటో చెరిగిపోకుండా ఉండాలని ఎఫ్‌డీఏ 1997లోనే ఎలక్ట్రానిక్ రికార్డుల కోసం పార్ట్ 11 నిబంధన తెచ్చింది. చిత్తుకాగితం మీద రాసుకుని షిఫ్ట్ చివర్లో బీఎమ్మార్‌లోకి ఎక్కించే అలవాటు పోతుందంటే నాకు నిజంగా సంతోషం. ఆ మందు ఎక్కించుకునే రోగికి మన రాతే కదా భరోసా. ఒక్కటి గుర్తుంచుకో: ఎంత తొందరలో ఉన్నా పక్కవాడి లాగిన్‌తో ఎంట్రీ కొట్టకు, నీ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకు. సంబంధాలు చూడనివ్వు, ఏం ఫర్వాలేదు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ. బయోటెక్నాలజీ చేస్తానంటోంది. అక్కడ ఇప్పుడంతా కంప్యూటర్లేనట. లెక్కలు లేకుండా నెగ్గుకొస్తుందా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: కొంత లెక్కలు పట్టుకోక తప్పదమ్మా, కానీ అది చేరాక నేర్చుకోవచ్చు. కాలేజీకి వెళ్ళినప్పుడు మీరు ఒకటి అడగండి: ల్యాబ్‌లో నడిచే ఫర్మెంటర్ (సూక్ష్మజీవులను పెంచే ట్యాంకు) ఉందా, పిల్లలచేత నడిపిస్తారా, అద్దం వెనక నుంచి చూపించి పంపేస్తారా? ఒక్క బ్యాచ్ అయినా పిల్లలే మొదటి నుంచి చివరిదాకా నడిపి, ఆ డేటాతో రిపోర్టు రాసే కాలేజీ అయితే ఫీజు కాస్త ఎక్కువైనా అక్కడే చేర్పించండి.